తాళి కట్టకముందే రిజిస్ట్రేషన్ అంటున్నారు. అసలు పెళ్ళంటే ఏది, సంతకమా సప్తపదా?

చంద్రగిరి_చిన్నోడు
మా చెల్లికి సంబంధం కుదిరింది. అబ్బాయికి జర్మనీలో ఉద్యోగం. లగ్నపత్రిక కూడా రాసుకున్నాం. ఇప్పుడు మూఢం నడుస్తోంది, మాఘంలో గానీ ముహూర్తం లేదు. అబ్బాయి సెలవు మీద వచ్చి ఉన్నాడు. వచ్చే వారం వెళ్ళిపోతే మళ్ళీ పెళ్ళికే రావడం.

ఇప్పుడు వాళ్ళ నాన్న కొత్త మాట తెచ్చారు. "ముందే రిజిస్టర్ చేయించేద్దాం. సర్టిఫికెట్ చేతిలో ఉంటే వీసా పని మొదలవుతుంది. పెళ్ళవగానే ఇద్దరూ కలిసి విమానం ఎక్కేయొచ్చు" అంటారు. ఏదో ఒక గుడి దగ్గర దండలు వేసుకున్న ఫోటో తెస్తే చాలు, మిగతాది తను చూసుకుంటానని ఒక ఏజెంటు కూడా దొరికాడు. మా నాన్న ససేమిరా అంటున్నాడు. తాళి పడకుండా నా బిడ్డ ఏ కాయితం మీదా ఫలానావాడి భార్యనని సంతకం పెట్టదు అని. దానికాయన నవ్వి, "సంతకమే పెళ్ళి సార్, మిగతాదంతా ఫంక్షన్" అన్నారు. ఆ నవ్వుకే మా నాన్నకి ఎక్కువ మండింది.

ఇంతకీ ఎవరిది కరెక్టు? పెళ్ళంటే మతం పనా, గవర్నమెంటు పనా?

పలమనేరు_పిల్లోడు
మామగారిదే కరెక్టు. బ్యాంకులో జాయింట్ అకౌంటుకి వెళ్ళి ఏడడుగులు నడిచి చూపిస్తావా?

పంచాంగం_స్వామి
మీ నాన్నగారు సరిగ్గా చెప్పారు. వివాహం షోడశ సంస్కారాల్లో ఒకటి. గర్భాధానం నుంచి అంత్యేష్టి దాకా మనిషిని నడిపే కర్మల్లో అదొక మెట్టు. అగ్నిసాక్షిగా "నాతిచరామి" అని మూడుసార్లు పలికిస్తాం. ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను దాటిపోను అని మాట ఇవ్వడం అది. రిజిస్ట్రారు ముందు అలాంటి మాట ఎక్కడుంది?

హేతువు_చిత్తూరు
స్వామీ, ఆ మాట సంస్కృతంలో పలికిన పెళ్ళికొడుకుల్లో ఎంతమందికి అర్థం తెలుసు? సంతకం పెట్టేవాడికి కనీసం ఏ కాయితం మీద పెడుతున్నాడో తెలుసు. ఆస్తి, భరణం, విడాకులు, పిల్లల కస్టడీ అన్నీ చట్టం చేతిలోనే ఉన్నప్పుడు పెళ్ళి ఒప్పందం కాక ఇంకేంటి?

రేణిగుంట_లాయరక్క
తమ్ముడూ, ముందు ఆ ఏజెంటుని పంపించేయ్. తీరిగ్గా చెప్తాను, కాస్త పొడుగు.

మన దగ్గర హిందువులకి రెండు దారులున్నాయి. ఒకటి 1955 హిందూ వివాహ చట్టం. ఇందులో పెళ్ళి చేసేది రిజిస్ట్రారు కాదు. సెక్షన్ 7 ప్రకారం అమ్మాయి వైపుదో అబ్బాయి వైపుదో ఆచారం ప్రకారం తంతు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు పడగానే పెళ్ళి పూర్తయినట్టు. సెక్షన్ 8లో రిజిస్ట్రేషన్ ఉంది, అది జరిగిపోయిన పెళ్ళిని పుస్తకంలో ఎక్కించడం, అంతే. ఎక్కించకపోయినా పెళ్ళి చెల్లుతుందని ఆ సెక్షనే చెప్తుంది. పుట్టిన బిడ్డకి బర్త్ సర్టిఫికెట్ ఇస్తారు గానీ, సర్టిఫికెట్ ఇచ్చి బిడ్డని పుట్టించరు కదా.

రెండోది 1954 ప్రత్యేక వివాహ చట్టం. అక్కడ మీ చెల్లికి మామగారు కాబోయే ఆయన చెప్పినట్టు సంతకమే పెళ్ళి. కానీ దానికి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. గడువు అయ్యాక ఇద్దరూ ముగ్గురు సాక్షులతో వచ్చి, ఆఫీసరు ముందు ఒకరినొకరు భార్యగా భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పాలి. అబ్బాయి వచ్చే వారం వెళ్ళిపోతున్నాడు కాబట్టి మీకు ఈ దారి ఇప్పుడు కుదరదు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి చేసుకోకపోతే ఆ నోటీసు మురిగిపోతుంది, మళ్ళీ మొదలు.

మీ ఏజెంటు చెప్పేది ఈ రెండూ కాదు. జరగని తంతు జరిగిందని ప్రభుత్వానికి రాసివ్వడం.

పలమనేరు_పిల్లోడు
అక్కా, అందరూ చేస్తాండారు కదా. మా ఆఫీసులోనే ముగ్గురు ఇట్లాగే వీసా తెచ్చుకున్నారు.

రేణిగుంట_లాయరక్క
అందరూ చేస్తున్నారు కాబట్టే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2024 ఏప్రిల్‌లో డాలీ రాణి కేసు. ఇద్దరూ విమానాలు నడిపే పైలట్లు. ఒక సమితి దగ్గర పెళ్ళి సర్టిఫికెట్ తీసుకుని, దాన్ని చూపించి రిజిస్టర్ చేయించుకున్నారు. అసలు పెళ్ళి తర్వాత ఘనంగా చేసుకుందామనుకున్నారు. ఆ లోపే గొడవలు, కట్నం కేసు, విడాకుల పిటిషను. చివరికి మాకు హిందూ సంప్రదాయం ప్రకారం పెళ్ళే జరగలేదు అని ఇద్దరూ కలిసి కోర్టుని అడిగారు. జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ బెంచి ఆ సర్టిఫికెట్‌కి విలువ లేదు, వాళ్ళు ఎప్పుడూ భార్యాభర్తలు కాలేదు అని తేల్చింది. హిందూ వివాహం సంస్కారం, ఆటపాటలకీ తిండికీ తాగుడికీ వేడుక కాదు అని కూడా రాశారు.

పంచాంగం_స్వామి
సుప్రీంకోర్టే సంస్కారం అన్నాక ఇంక చర్చ దేనికి?

హేతువు_చిత్తూరు
సంస్కారమో కాదో చెప్పడానికి కోర్టు కావాల్సి వచ్చింది చూశారా స్వామీ, అక్కడే మీరు ఓడిపోయారు.

అలిపిరి_మెట్లు
మన ఊళ్ళో ఈ చర్చేంటయ్యా. సాక్షాత్తూ శ్రీనివాసుడే పద్మావతమ్మని చేసుకోవడానికి కుబేరుడికి పత్రం రాసిచ్చాడు. బ్రహ్మ, శివుడు సాక్షులు, మూడో సాక్షి రావిచెట్టు అని చెప్తారు. లాయరక్క చెప్పిన ముగ్గురు సాక్షులూ అప్పటి నుంచే ఉన్నారు 😀

పంచాంగం_స్వామి
పత్రం అప్పుకి నాయనా, పెళ్ళికి కాదు. పెళ్ళి నారాయణవనంలో శాస్త్రోక్తంగానే జరిగింది.

అలిపిరి_మెట్లు
పెళ్ళి ఒక్కరోజులో అయిపోయింది, కాయితం మాత్రం ఇప్పటికీ వడ్డీ గుంజుతోంది. ఏది బలమైందో మీరే చెప్పండి.

పుత్తూరు_కట్టు
😂😂 హుండీ దగ్గర నిలబడి చెప్పు ఆ మాట.

కాణిపాకం_కోడలు
జోకులు పక్కన పెట్టి నా మాట కూడా వినండి. పెళ్ళి సంస్కారమే, తంతు జరిగితేనే పెళ్ళి అని అందరూ గొప్పగా చెప్తున్నారు. ఆ మాట వల్లే మా పిన్ని కేసు ఓడిపోయింది.

బాబాయి బెంగుళూరులో ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడు. పెళ్ళి చేసుకున్నాడని ఆ వీధి మొత్తానికి తెలుసు. మెడలో తాళి, కాలికి మెట్టెలు, ఇద్దరూ దండలేసుకున్న ఫోటో, రేషన్ కార్డులో భార్య అని పేరు. పిన్ని కేసు వేసింది. బాబాయి తరఫు లాయరు అడిగింది ఒక్కటే. హోమం ఎక్కడ జరిగింది, సప్తపది ఎవరు చేయించారు, చూసినవాళ్ళని పిలవండి. ఎవరిని పిలుస్తుంది? దొంగతనంగా చేసుకునే పెళ్ళికి మొదటి పెళ్ళానికి శుభలేఖ పంపిస్తారా? రెండో పెళ్ళి శాస్త్రప్రకారం జరిగినట్టు రుజువు లేదని కొట్టేశారు. బాబాయి నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. కాణిపాకం స్వామి ముందు ప్రమాణం చెయ్యమంటే మాత్రం ఇప్పటికీ రాడు.

మీ సంస్కారం మోసగాడికి గొడుగు పట్టింది. అదే పెళ్ళంటే సంతకం ఒక్కటే అయ్యుంటే రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి చూపించేది మా పిన్ని.

రేణిగుంట_లాయరక్క
పైన కాణిపాకం_కోడలు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. 1965లో భావురావ్ లోఖండే కేసులో సుప్రీంకోర్టు ఆ గీత గీసింది. రెండో పెళ్ళి నేరం కావాలంటే ఆ రెండోది కూడా ముఖ్యమైన తంతులన్నీ జరిగిన పెళ్ళి అయ్యుండాలని. అప్పటి నుంచి ఎంతమంది మగవాళ్ళు ఆ సందులోంచి బయటపడ్డారో. అప్పట్లో పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 494 సెక్షను, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82. నంబరు మారింది గానీ రుజువు భారం అలాగే ఉంది.

మీ పిన్నికి ఒక్కటి చెప్పండి. భరణం కేసులో కోర్టులు ఇంత గట్టి రుజువు అడగవు. గృహహింస చట్టం కింద కూడా దారి ఉంది. జైలుకి పంపలేకపోయినా ఖర్చులు రాబట్టుకోవచ్చు.

కాణిపాకం_కోడలు
భరణం వస్తోంది అక్కా. ఆమెకి కావాల్సింది డబ్బు కాదు.

వాయల్పాడు_భాయ్
మా వైపు మాట కూడా వేస్తా. నికాహ్ సివిల్ కాంట్రాక్టు అని అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ మహమూద్ 1886లోనే రాశారు. ఒక వైపు నుంచి అడగడం, ఇంకో వైపు నుంచి ఖబూల్ అనడం, సాక్షులు, మెహర్ (అబ్బాయి అమ్మాయికి ఇచ్చే సొమ్ము). నికాహ్‌నామాలో అమ్మాయి షరతులు కూడా రాయించుకోవచ్చు. నా చెల్లెలు చదువు ఆపకూడదని రాయించుకుంది. అంతా పక్కా కాంట్రాక్టే. కానీ మా నానమ్మ ముందు నికాహ్ ఒట్టి కాంట్రాక్టు అని చూడు, చెప్పు తీసుకుంటుంది. ఖుత్బా (పెళ్ళి ప్రసంగం) చదివేది, దువా చేసేది ఎందుకంటావు మరి?

హేతువు_చిత్తూరు
షరతులు రాయించుకోవడం బాగుంది భాయ్. మనవాళ్ళకి అదే లేదు.

పంచాంగం_స్వామి
నాతిచరామి షరతు కాదా?

ఆదివారం_గాయకుడు
మా దగ్గర ఇంకో ముడి. క్యాథలిక్కులకి పెళ్ళి దేవద్రవ్యానుమానం, అంటే దేవుడిచ్చే సంస్కారం. కానీ ఆ సంస్కారం ఇచ్చేది ఫాదర్ కాదు, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఫాదర్ సంఘం తరఫున నిలబడే సాక్షి. అంటే ఇద్దరి ఒప్పుకోలే సంస్కారం! ఇక్కడ రెండు పార్టీలుగా కొట్టుకుంటున్నారు గానీ మా దగ్గర రెండూ ఒకటే. ఆ పైన 1872 క్రిస్టియన్ వివాహ చట్టం కింద రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. చర్చి ట్రిబ్యునలు ఆ పెళ్ళి చెల్లదని తేల్చినా కోర్టు ఒప్పుకోదు, 1996లో మోలీ జోసెఫ్ కేసులో చెప్పేశారు. మా కజిన్‌కి చర్చి వైపు అంతా అయిపోయాక కోర్టులో మళ్ళీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది.

నగరి_నేత
అందరూ చట్టాలు చెప్తున్నారు, మా పొరుగువాళ్ళ సంగతి మర్చిపోయారు. బార్డరు దాటితే తమిళనాడులో 1967 సవరణ ఉంది. పురోహితుడు లేకుండా, నలుగురు బంధువుల ముందు ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకుంటున్నామని చెప్పి, దండ మార్చుకున్నా ఉంగరం తొడిగినా తాళి కట్టినా పెళ్ళే. హిందూ వివాహ చట్టంలోనే 7ఏ అని చేర్చారు. ఆత్మగౌరవ వివాహం అంటారు. మా అత్త కూతురు అట్లాగే చేసుకుంది, మంత్రాలు లేవు, మైకులో పెద్దలు మాట్లాడారు. ఇప్పుడు మనవరాలు కూడా ఉంది.

పలమనేరు_పిల్లోడు
అట్లయితే చిన్నోడా, పొద్దున్నే తిరుత్తణి పోయి దండలు మార్చుకుని మధ్యాహ్నం అన్నానికి వచ్చేయండి 😀

బైరాగిపట్టెడ_బాబాయ్
తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. 1960 ఏప్రిల్‌లో అటు ఇచ్చేశారు. ఇచ్చినదాన్లో ఈ సౌకర్యం కూడా పోయినట్టుంది.

చంద్రగిరి_చిన్నోడు
నవ్వుకోండి. మా నాన్నకి తిరుత్తణి మాట చెప్తే నన్ను అక్కడే వదిలేసి వస్తాడు.

హేతువు_చిత్తూరు
స్వామిగారికి ఒక ప్రశ్న. సంస్కారం విడదీయరానిది అంటారు కదా. మరి మా తాత చెల్లెలికి భర్త తాగొచ్చి కొడుతున్నాడని పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తెగతెంపులు చేసి మారుమనువు చేశారు. ఏ కోర్టూ లేదు. ఊళ్ళో ఎవరూ తప్పు పట్టలేదు. ఆమెది పెళ్ళి కాదా?

పంచాంగం_స్వామి
ఆచారం ఉన్న చోట ఆచారమే ప్రమాణం. నేను కాదనలేదే.

బైరాగిపట్టెడ_బాబాయ్
ఇక్కడ నేనొకటి చెప్పాలి, పెద్దవాణ్ణి కాబట్టి ఓపిక పట్టండి. హిందూ పెళ్ళి తెగనిది అనేది అందరి ఇళ్ళలోనూ ఎప్పుడూ లేదు. కొన్ని కులాల్లో పుస్తకం చెప్పిన మాట అది. మిగతా వాళ్ళలో మారుమనువు, విడుపు, ఓలి అన్నీ మామూలే. 1955 చట్టంలో కూడా ఆచారం ప్రకారం ఉన్న విడాకులని సెక్షన్ 29లో అలాగే ఉంచారు. ఇంకోటి, మన చిత్తూరోళ్ళకి కోర్టు విడాకులు 1955లో రాలేదు. 1949లో మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, అప్పుడే అక్కడ చట్టం వచ్చింది, రెండో పెళ్ళి నిషేధం, విడాకులు రెండూ కలిపి. అప్పుడు కూడా ధర్మం మంటగలిసిందని ఊరేగింపులు తీసినట్టు మా నాన్న చెప్పేవాడు. ధర్మం బాగానే ఉంది, ఇదిగో ముహూర్తాలకి హాళ్ళు దొరకడం లేదు.

ఇంకా వెనక్కి పోతే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. దానికి 1856 చట్టం అండ ఉంది, అయినా తంతు మానలేదు. పురోహితుణ్ణి పెట్టి, మంత్రాలతోనే చేయించారు. కాయితం ఒక్కటే సరిపోతుందని ఆయన అనుకోలేదు. జనం కళ్ళకి అది పెళ్ళిలా కనపడాలి.

మదనపల్లె_టమాటా
బాబాయ్ పోస్టుకి వంద లైకులు. ఓలి అంటే అబ్బాయి వాళ్ళు ఇచ్చేది కదా? ఆ రోజులే బాగున్నట్టున్నాయి.

మోడరేటర్
కులాల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. మళ్ళీ పెడితే చర్చకి తాళం వేస్తా.

హేతువు_చిత్తూరు
సరే, ఆచారమే ప్రమాణం, ఆచారం మారుతుంది, చట్టం మార్చింది. అంటే మనుషులు కలిసి రాసుకునే ఒప్పందమే కదా చివరికి?

రేణిగుంట_లాయరక్క
ఇక్కడ నేను ఒప్పుకోను. ఒప్పందం అయితే షరతులు మన ఇష్టం. ఐదేళ్ళకి రాసుకోవచ్చు, ఇద్దరం కలిసి చించేయొచ్చు. రిజిస్ట్రారు ముందు చేసుకున్న పెళ్ళి కూడా అట్లా కుదరదు. ఐదేళ్ళకే పెళ్ళి అని రాసుకుంటే చెల్లదు. ఇద్దరికీ వద్దనిపించినా వంద రూపాయల స్టాంపు పేపరు మీద విడిపోయామని రాసుకుంటే చెల్లదు. వారానికి ఒక జంట ఆ స్టాంపు పేపరు పట్టుకుని నా దగ్గరికి వస్తుంది. మళ్ళీ పెళ్ళి కూడా చేసేసుకుని ఉంటారు కొందరు. బాబాయ్ చెప్పిన ఆచారం ఉన్న చోట తప్ప, కోర్టుకి వెళ్ళాల్సిందే. అది కూడా పెళ్ళయిన ఏడాదిలోపు మామూలుగా పిటిషనే తీసుకోరు.

లోపలికి పోయే తలుపు పురోహితుడు తీసినా రిజిస్ట్రారు తీసినా, బయటికి వచ్చే తలుపు తాళంచెవి జడ్జి దగ్గరే ఉంది. మధ్యలో ఏం జరగాలో రాసేది చట్టం. ఇది కొనుగోలు అగ్రిమెంటు లాంటిది కాదు, పూర్తిగా దేవుడి పనీ కాదు.

చిన్నోడా, అసలు మీ చెల్లెలు ఏమంటోంది? ఇంతమందిలో ఆమె మాట ఒక్కటే వినపడలేదు.

చంద్రగిరి_చిన్నోడు
అడిగాను అక్కా. తను ఒకే ప్రశ్న వేసింది. "సంతకం పెట్టాక మాఘం లోపల ఏదైనా తేడా వస్తే నేను పెళ్ళయినదాన్నా, కానిదాన్నా?" నాకు జవాబు తెలియలేదు.

రేణిగుంట_లాయరక్క
తెలివైన పిల్ల. జవాబు ఇది. ప్రత్యేక వివాహ చట్టం కింద సంతకం పెడితే, తాళి లేకపోయినా పూర్తిగా పెళ్ళయినదే. తేడా వస్తే విడాకులే. ఏజెంటు దారిలో పోతే, నిజానికి పెళ్ళి కానిదే, కానీ కాయితం మీద అయినట్టు ఉంటుంది. ఆ కాయితం తప్పని చెప్పించుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి. ఇంకో సంబంధం చూసేటప్పుడు ఆ సర్టిఫికెట్ ఎవరో ఒకరు తవ్వి తీస్తారు. పైగా తప్పుడు సమాచారం ఇచ్చారని ఇద్దరి మీదా కేసు. వీసా వాళ్ళ దగ్గర పెళ్ళి తేదీ ఒకటి, శుభలేఖ మీద తేదీ ఇంకొకటి ఉంటే ఏం చెప్తారు?

కాణిపాకం_కోడలు
ఆమె మాటే వినండి. మా పిన్నిని ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు.

పుత్తూరు_కట్టు
మూఢంలో పెళ్ళి చేసుకుంటే ఏమవుతుంది స్వామీ? ముహూర్తం లాగేసి తంతు ముందే కానిచ్చేస్తే గొడవే లేదు కదా.

పంచాంగం_స్వామి
శుక్రమూఢంలో వివాహం చేయించను. వేరే ఎవరైనా చేస్తే నన్ను అడగవద్దు.

హేతువు_చిత్తూరు
మేం రిజిస్టర్ మ్యారేజీ చేసుకుంది మూఢంలోనే. ఇద్దరం బతికే ఉన్నాం. రోజూ పోట్లాడుకుంటాం, అది మూఢం వల్ల కాదు, టీవీ రిమోట్ వల్ల.

బైరాగిపట్టెడ_బాబాయ్
ఖర్చు మాట కూడా ఉంటే, తిరుమలలో పాపవినాశనం రోడ్డులో టీటీడీ కల్యాణ వేదిక ఉంది. పురోహితుడు, మంగళవాయిద్యం, పసుపు కుంకుమ, కంకణాలు దేవస్థానమే ఉచితంగా ఇస్తుంది. తల్లిదండ్రులు దగ్గరుండాలి, రెండో పెళ్ళిళ్ళు చేయరు. అక్కడ తంతు ముగించుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఏ దారిలోనూ లొసుగు ఉండదు. ఫంక్షన్ కావాలంటే తర్వాత ఎంత ఘనంగానైనా చేసుకోనీ ఆయన్ని.

చంద్రగిరి_చిన్నోడు
అప్‌డేట్. లాయరక్క జవాబు చెల్లికి చూపించాను. అబ్బాయికి తనే ఫోన్ చేసింది. మాఘంలో పెళ్ళి, మర్నాడే రిజిస్ట్రేషన్, వీసాకి అప్పుడే అప్లై చేస్తారు. అబ్బాయి ముందు వెళ్తాడు, తను తర్వాత వెళ్తుంది. అబ్బాయి వెంటనే సరేనన్నాడు, అసలు తొందర ఆయనది కాదంట. వాళ్ళ నాన్న మాత్రం ముభావంగా ఉన్నారు. మా నాన్న గెలిచినట్టు మీసం తిప్పుతున్నాడు. రిజిస్ట్రేషన్‌కి ఏమేం కావాలి అక్కా?

రేణిగుంట_లాయరక్క
శుభలేఖ, తాళి కట్టేటప్పటి ఫోటో, ఇద్దరి ఆధార్, వయసు రుజువు, ముగ్గురు సాక్షులు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండి ఉండాలి. వెళ్ళేముందు మీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకేమైనా అడుగుతారేమో కనుక్కోండి. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే శుభలేఖలో కొట్టించండి, ఇప్పుడే. సగం మంది అక్కడే ఇరుక్కుంటారు.

పంచాంగం_స్వామి
సప్తపది వీడియో కూడా తీయించండి. ఏడో అడుగు దాకా కట్ చేయకుండా. ఇప్పటి పెళ్ళిళ్ళలో ఆ సమయానికి అందరూ భోజనాలకి లేచిపోతారు, కెమెరావాడితో సహా.

ఫోటో_రాజా_శ్రీకాళహస్తి
స్వామీ, మేం లేచిపోం. మీరు హోమంలో పచ్చి సమిధలు వేసి పొగ పెడితే లెన్సులో ఏమీ కనపడదు. ఎండినవి తెమ్మనండి, ఏడడుగులూ తీసిస్తా.